ఐదో సీసా

మా వెనక బాల్కనీలో, బట్టలుతికే మిషను పక్కన ఒక నీలం డ్రమ్ము ఉంది. ఒకప్పుడు అందులో నీళ్ళు పట్టి ఉంచుకునేవాళ్ళం. ఇప్పుడు కదలకుండా ఉండాలని దాని నిండా ఇసుక పోయించాను. పైన మందపాటి చెక్క. చెక్క మీద మూడు మేకుల మధ్య ఇరికించిన గుండ్రటి గాజు బిళ్ళ, దాని మీద అలాంటిదే ఇంకొకటి. ఆరంగుళాల వెడల్పు, అంగుళం మందం.

రెండు బిళ్ళల మధ్య కాసిని నీళ్ళు, చిటికెడు గరుకు పొడి వేసి, పై బిళ్ళని రెండు అరచేతులతో ముందుకు తోసి వెనక్కి లాగుతాను. ఆరుసార్లు తోశాక బిళ్ళని కొంచెం తిప్పి, డ్రమ్ము చుట్టూ ఒక అడుగు పక్కకి వేస్తాను. మళ్ళీ ఆరుసార్లు. ఇలా తిరగగా తిరగగా పై బిళ్ళ మధ్యలో అరిగి గుంట పడుతుంది. ఆ గుంటకి మెరుగు పెట్టి పూత వేయిస్తే టెలిస్కోపులో పెట్టుకునే అద్దం అవుతుంది. అందులో చూస్తే చందమామ మీది గోతులు కనిపిస్తాయి.

బీఎస్సీ రెండో ఏట మా ఫిజిక్స్ మేష్టారు అలాంటి అద్దం ఒకటి నా చేతిలో పెట్టి, "ఇది మిషను చేసింది కాదమ్మా, మనిషి చేసింది" అన్నారు. ఎలా చేస్తారో పుస్తకంలో చూసి నోట్సు రాసుకున్నాను. ఆ తరవాత గాజు కొట్టుదాకా వెళ్ళడానికి నాకు నలభై నాలుగేళ్ళు పట్టింది. అరవై మూడు నిండాక వెళ్ళాను. కొట్టతను నన్ను కిందికీ పైకీ చూసి, "టీపాయ్ మీదకా అమ్మా?" అన్నాడు. కాదు, చందమామని చూడ్డానికి అన్నాను. రెండు బిళ్ళలూ కోసి ఇచ్చి, మంచినీళ్ళు కూడా ఇచ్చాడు.

మా ఇంట్లో వాళ్ళకి ఇది మంచి కాలక్షేపమైంది. ఆయన పొద్దున్నే పేపరుతో బాల్కనీ గుమ్మంలో కుర్చీ వేసుకుని, "గానుగ మొదలైందా?" అంటారు. ఒకరోజైతే డ్రమ్ముని తేరిపార చూసి, "మా అమ్మ బతికుండగా ఆవిడ చుట్టూ కూడా నువ్విన్నిసార్లు తిరగలేదోయ్" అన్నారు.

"ఆవిడ నన్నింత నిదానంగా తిరగనిచ్చారు కనకనా?" అన్నాను.

ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

కోడలు ఆఫీసుకి వెళ్తూ, "అత్తయ్యా, నిన్న ఎన్ని కిలోమీటర్లు?" అని అడుగుతుంది. డాక్టరు నన్ను రోజూ నడవమన్నాడు మరి. నడుస్తూనే ఉన్నాను.

నిజం చెప్పాలంటే, నా జీవితంలో నేను చేసిన చేతిపనులన్నీ గడియారం ముందు నిలబడి చేసినవే. స్కూలు వాను హారను కొడుతుంటే నిక్కరుకి బొత్తాం కుట్టాను. చుట్టాలు మెట్లెక్కుతుంటే కర్టెనుకి చివరి మడత వేశాను. ఏది కుట్టినా, ఏది అల్లినా, సాయంత్రానికి ఎవరికో ఒకరికి కావాలి. ఈ అద్దం ఒక్కటే ఏ సాయంత్రానికీ ఎవరికీ అక్కర్లేని పని. అందుకే దీన్ని మెల్లగా చేశాను. పొద్దున ఇరవై నిమిషాలు, మధ్యాహ్నం ఇరవై నిమిషాలు. మోకాళ్ళు అంతకంటే ఒప్పుకోవు, గాజు కూడా ఒప్పుకోదు. అరచేతుల వేడికి గాజు పొంగుతుంది. చల్లారడానికి గంట పడుతుంది, ఈలోపే కొలిస్తే కొలత తప్పు చూపిస్తుంది. ఇరవై ఏళ్ళ వయసులో అయితే ఆ గంటసేపు ఆగలేక కొలిచేసి ఉండేదాన్ని.

పొడులు ఆరు సీసాల్లో ఉంటాయి. ఒకటో సీసాది పంచదార అంత గరుకు, ఆరోది మొహానికి రాసుకునే పౌడరంత మెత్తన. ఒక్కో చిటికెడూ అరిగి మట్టైపోయేదాకా తిప్పితే ఒక తడి అయినట్టు. అయిందో లేదో చెవే చెబుతుంది. పొడి కొత్తగా ఉన్నంతసేపూ గరగరమంటుంది, అరిగాక గొంతు తగ్గించుకుంటుంది. ఇన్ని తడులు అయ్యాక ఆ పొడి ఆనవాలు ఎక్కడా లేకుండా అన్నీ కడిగి, తరవాతి సీసాకి వెళ్ళాలి. కిందటేడు నేను మూడో సీసాలో ఉన్నప్పుడు ఆయన సాయం చేద్దామని సీసాల మూతలన్నీ ఒకే గుడ్డతో తుడిచి వరసగా పెట్టారు. మర్నాడు బిళ్ళ మీద వెంట్రుకంత గీత పడింది. మూడో పొడిలోకి ఒకటో పొడి రేణువు దూరిందన్నమాట. ఆ గీతవల్ల చందమామకి వచ్చిన నష్టం ఏమీ లేదని నాకూ తెలుసు. అయినా మళ్ళీ రెండో సీసాకి వెళ్ళాను. రెండు నెలలు పట్టింది.

"ఎవరు చూస్తారోయ్ ఆ గీత?" అన్నారాయన.

"నేను."

ఆ తరవాత ఆయన సీసాల జోలికి రాలేదు.

ఇలా ఐదో సీసాదాకా వచ్చేసరికి నా అరవై ఐదో పుట్టినరోజు వచ్చి వెళ్ళిపోయింది. ఆ రోజుకి అందరికీ చందమామని చూపిస్తానని ఎప్పుడో నోరు జారాను. మా అబ్బాయి అది మనసులో పెట్టుకున్నాడు. దానికి తోడు నా కుడి మణికట్టు కొంచెం వాచి, డాక్టరు పట్టీ వేయించాడు. వారం ఆపి, పట్టీతోనే మళ్ళీ మొదలుపెట్టాను.

"ఇంకెన్నాళ్ళమ్మా?" అన్నాడు వాడు.

"చందమామ ఎక్కడికీ పారిపోదులేరా."

వాడు నవ్వలేదు. మా వాడికి పరుగు పిచ్చి. తెల్లారేసరికి బూట్లు కట్టుకుని రోడ్డు మీద ఉంటాడు, ఏడాదికోసారి నలభై రెండు కిలోమీటర్ల పరుగుకి వెళ్తాడు. వాళ్ళ గది తలుపు వెనక మెడళ్ళు వేలాడుతుంటాయి, తలుపు వేసినప్పుడల్లా గలగలమంటాయి. ఏదైనా మొదలుపెడితే పూర్తి చెయ్యాలనే పట్టుదల నా నుంచే వచ్చిందని వాడే అంటాడు.

పోయిన నెల మా అక్క కంటి ఆపరేషనుకని వాళ్ళింటికి వెళ్ళి నాలుగు రోజులుండి, శనివారం పొద్దున తిరిగొచ్చాను. సంచీ హాల్లో పడేసి తిన్నగా బాల్కనీకి వెళ్ళాను. చెక్క మీద కింది బిళ్ళ ఒక్కటే ఉంది. పైది లేదు.

పగిలిందనుకున్నాను. నేల మీద ముక్కల కోసం వెతికాను. వెనకనుంచి అబ్బాయి గొంతు.

"అమ్మా, కళ్ళు మూసుకో."

"ముందు బిళ్ళ ఏదో చెప్పు."

"అబ్బా, ఒక్క నిమిషం మూసుకోమ్మా!"

చేతిలో అట్టపెట్టె పెట్టాడు. తెరిస్తే స్పాంజి మధ్యలో నా బిళ్ళ. కానీ నేను వదిలి వెళ్ళిన బిళ్ళ కాదు. అది పొగమంచు పట్టినట్టు తెల్లగా ఉండేది. ఇది నీళ్ళలా ఉంది. వంగి చూస్తే నా మొహం పెద్దదై, ముక్కు మీద కళ్ళజోడు గుంటతో సహా కనిపించింది.

"లెన్సులు చేసే కార్ఖానాలో నా ఫ్రెండు ఉన్నాడు కదా, అక్కడిచ్చాను. నీకింకా నాలుగైదు నెలలు పట్టేది వాళ్ళ మిషను మీద రెండు రోజుల్లో అయిపోయింది. ఇంక పూత వేయించడమే!" వాడి మొహం వెలిగిపోతోంది. "వాళ్ళ మేస్త్రీ ఏమడిగాడో తెలుసా? ఇది ఏ మిషను మీద అరగదీశారు అన్నాడు. మా అమ్మ చేతుల మీద అన్నాను. నమ్మలేదు!"

ఆ మాటకి నేను పొంగిపోయాను. కాదంటే అబద్ధం. తరవాతి క్షణంలోనే అనిపించింది, అంత బాగుంటే మరి ఎందుకు ముట్టుకున్నట్టు?

ఏ పనినైనా పరీక్షించకుండా మాట్లాడ్డం నాకు అలవాటు లేదు. బిళ్ళని కిటికీకి ఎదురుగా నిలబెట్టి, ఆయన్ని పిలిచి, నాలుగడుగుల దూరంలో తెల్లకాగితం పట్టుకోమన్నాను. ఆయన ముందుకీ వెనక్కీ జరిపారు. ఎదురింటి వాళ్ళ కిటికీ కాగితం మీద తలకిందులుగా పడింది. తీగ మీద ఆరేసిన తువ్వాలు, దానికి పెట్టిన రెండు క్లిప్పులు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి.

"ఆహా!" అన్నారాయన.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు అబ్బాయి.

"చాలా బాగుంది. వంక పెట్టడానికి లేదు."

అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. పాడుచేసి ఉంటే నాలుగు తిట్టేదాన్ని, వాడు నాలుగు రోజులు చిన్నబుచ్చుకునేవాడు, గొడవ తీరిపోయేది.

భోజనాలయ్యాయి. కంచాలు తీస్తూ కోడలు నా పక్కకి వచ్చి గొంతు తగ్గించింది.

"మీకు నచ్చలేదు కదా అత్తయ్యా?"

"నచ్చింది. అదే వచ్చిన చిక్కు."

"ముందు మీతో ఒక మాట చెప్పమన్నాను. చెబితే సర్‌ప్రైజ్ ఏముంటుంది అన్నారు."

"నువ్వు పెళ్ళాడినవాడు మొదట్నించీ అంతేనమ్మా."

మూడింటికి, నేను రోజూ మొదలుపెట్టే వేళకి, బాల్కనీలోకి వెళ్ళాను. చెక్క తుడిచాను. కింది బిళ్ళ తుడిచాను. ఐదో సీసా మూత తీశాను. మూత చప్పుడు విని మొదట ఆయన వచ్చారు, ఆయన వెనక అబ్బాయి.

"ఏం చేస్తున్నావమ్మా?"

"నా పని."

కింది బిళ్ళ మీద చిటికెడు పొడి చల్లి నాలుగు చుక్కల నీళ్ళు వేశాను. పెట్టెలోంచి అద్దం తీశాను. వాడికి అప్పుడర్థమైంది. గబుక్కున వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మా, ఆగు! పిచ్చా నీకు? అది మీద పెట్టావంటే మెరుగంతా పోతుంది!"

"తెలుసు. పోవాలనే."

"నాన్నా, మీరైనా చెప్పండి!"

"సీసాల సంగతిలో నేను మాట్లాడను" అన్నారాయన. "ఒకసారి మాట్లాడాను."

"చెయ్యి వదులు, జారితే పగులుతుంది" అన్నాను. వదిలేశాడు. అద్దాన్ని రెండు చేతుల్లో పట్టుకునే వాడివైపు తిరిగాను. "పోయినేడు పరుగులో ముప్ఫయ్యో కిలోమీటరు దగ్గర నీ కాలు పట్టేసి రోడ్డు పక్కన కూలబడ్డావు, గుర్తుందా?"

"ఉంది. అయితే?"

"అప్పుడు నేను కారు తెచ్చి, ఎక్కరా కన్నా, కాలు నొప్పి కదా అని తీసుకెళ్ళి, చివరి గీత దగ్గర దింపి, మెళ్ళో మెడల్ వేసుంటే?"

"అది వేరమ్మా."

"ఏం వేరు?"

"అది... అలా ఎవరైనా చేస్తే ఊరుకుంటానా?"

"నేనూ ఊరుకోను."

వాడు గుమ్మానికి ఆనుకున్నాడు. మెల్లగా అన్నాడు. "నీ చెయ్యి నొప్పి పుడుతోందనేగా చేశాను."

"నాకు తెలియదట్రా? ప్రేమతోనే చేశావు. ప్రేమతో చేశావు కనకే తిట్టడం లేదు. కానీ నా మణికట్టుకి నోరుంది. ఆపమని అదే చెబుతుంది, చెప్పినప్పుడు ఆపుతున్నాను. మధ్యలో నీ రాయబారం ఎందుకు?"

"ఇలా అయితే అరవై ఆరు కూడా దాటిపోతుంది."

"దాటనీ. వెనకాల అరవై ఏడు వస్తుంది."

"రాకపోతే..." అని ఆగిపోయాడు.

"అను. అద్దం పూర్తి కాకుండానే నేను పోతే? అదేగా నీ భయం?"

"అమ్మా!"

"పోతే పోతాను. ఎవరికో అర్జంటైన పని మధ్యలో పోయేకంటే నాకిష్టమైన పని మధ్యలో పోవడం నయం. ఐదో సీసాలో ఉండగా పోయిందని చెప్పుకోండి. ఎవరో ముగించిన అద్దంలో చూడ్డానికి చందమామ నాకెందుకు? ఆ మాటకొస్తే కొనుక్కోవచ్చు. కొట్లో అమ్ముతారు. నేను రెండేళ్ళ కిందటే కొనుక్కోగలిగేదాన్ని, కొనలేదు."

అని, అద్దాన్ని కింది బిళ్ళ మీద బోర్లించాను.

మొదటి తోపు చాలా మెల్లగా తోశాను. అంత అందమైన వస్తువు మరి. నా చేతులకి అది చెయ్యడం వచ్చునో రాదో ఇంకా నాకే తెలియదు. ఇప్పుడు పోగొట్టుకున్న మెరుగు మళ్ళీ వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. ఆరుసార్లు తోశాను. తిప్పాను. ఒక అడుగు పక్కకి వేశాను. పొడి గరగరమంది, నాలుగు రోజుల తరవాత. డ్రమ్ము చుట్టూ ఒక చుట్టు పూర్తయ్యాక బిళ్ళని జరిపి, ఎత్తి, వెలుతుర్లో చూశాను. ఊపిరి వదిలిన అద్దంలా తెల్లబడింది. నా మొహం కనిపించలేదు. ఎక్కడ ఆపి వెళ్ళానో అక్కడికి వచ్చేశాను.

కోడలు వంటింట్లోంచి తొంగి చూసి, తడి చేత్తో నోరు మూసుకుంది. ఆ వేళ్ళ వెనక నవ్వే ఉందని నాకనిపించింది.

ఆయన లోపలికి వెళ్ళి స్టూలు తెచ్చి, నేను ఆగినప్పుడు కూర్చోవడానికి వీలుగా గోడవారగా వేశారు. పేపరు తీసుకుని కుర్చీలో చేరారు. "గానుగ మొదలైంది" అన్నారు, ఎవరితోనూ కాదు.

అబ్బాయి ఇంకా గుమ్మంలోనే నిలబడ్డాడు. నేను రెండో చుట్టులో ఉన్నాను, మూడో చుట్టులో ఉన్నాను, వాడు కదల్లేదు. నా చేతులకేసే చూస్తున్నాడు. చివరికి డ్రమ్ము దగ్గరికి వచ్చాడు.

"ఒక్క చుట్టు నేను వెయ్యనా?"

"వద్దు."

"ఒక్కటేనమ్మా. నువ్వు చెప్పినట్టే తోస్తాను."

"వద్దన్నానుగా. ఇది నాది." ఆరోసారి తోసి, బిళ్ళ తిప్పి, అడుగు పక్కకి వేశాను. "నీకు కావాలంటే నీది నువ్వు మొదలుపెట్టుకో. గాజు కొట్టు నాలుగింటికి తెరుస్తాడు."