పదిహేడో నిమిషం

ప్రొద్దుటూరు పాత బస్టాండు వెనక సందులో ఆంప్లిఫయర్లు బాగుచేసే మహబూబ్ బాషాకు యాభై ఎనిమిదేళ్లు. వయసులో ఉన్నప్పుడు బెంగళూరులో పని నేర్చుకుంటూ అంటించుకున్న ప్రోగ్రెసివ్ రాక్ పిచ్చి ఇంకా వదల్లేదు. ఆ సంగీతంలో ఒక్కో పాట ఇరవై నిమిషాలు నడుస్తుంది, నడకలో నాలుగైదు దారులు మారుతుంది. అందులోనూ స్టూడియోలో చేసినవి బాషాకు ఆనవు. జనం ముందు ఒక్క ఊపున వాయించిన లైవ్ ఆల్బంలంటేనే ప్రాణం. నచ్చిన పదింటి పేర్లు వరసగా రాసి షాపు గోడకు అంటించుకున్నాడు. ఒక ఇంగ్లండు బృందం జర్మనీలో చేసిన కచేరీ అందులో మూడోది.

ఒక పొద్దున పులివెందుల నుంచి పుల్లన్న అనే మనిషి ఆంప్లిఫయర్ మోసుకొచ్చాడు. చిన్నప్పటి నుంచీ గొర్రెలు కాసి, ఇప్పుడు నాలుగెకరాల్లో బత్తాయి చెట్లతో చీనీతోట పెట్టుకున్నాడు. వాళ్ల ఊరి డోలు జట్టుకు పెద్ద. బాషా పెట్టె విప్పి పని మొదలుపెట్టాడు. పక్కన టేప్‌రికార్డర్‌లో జర్మనీ కచేరీ మోగుతోంది.

"ఏంది మామా, ఇది ఏడు దెబ్బల లెక్కన పోతాంది?" అన్నాడు పుల్లన్న.

బాషా చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. షాపుకొచ్చే వాళ్లెవరైనా ఆ గోల ఆపమనే అంటారు. దెబ్బలు లెక్కపెట్టిన వాడు ఇన్నేళ్లలో ఒక్కడూ లేడు.

"నీకెట్ల తెలిసిందప్పా?"

"చెవిన పడతాంటే తెలీకుండా ఎట్లుంటాది?"

పుల్లన్న మోకాలి మీద వేళ్లతో వాయించుకుంటూ కాసేపు విన్నాడు. ఉన్నట్టుండి నవ్వాడు. "ఆ డ్రమ్ముల అప్ప తప్పినాడు."

బాషాకు చురుక్కుమంది. "ఆయన తప్పడప్పా. ఈ పాట నేను ముప్పై ఏండ్లుగా వింటాండా."

"తప్పినాడు మామా. వెనక్కి తిప్పు."

తిప్పాడు. పదిహేడో నిమిషం. పుల్లన్న బల్ల మీద చేత్తో కొడుతూ పైకే లెక్కపెట్టాడు. ఏడు, ఏడు, ఏడు, ఆరు. నిజమే! డ్రమ్ములు ఒక దెబ్బ ముందుకు దూకేశాయి. బాషా ముఖం మాడిపోయింది.

"ఇంకా విను మామా, అసలు సంగతి ముందుంది" అన్నాడు పుల్లన్న. "ఆ లావు తీగల గిటారు వాయించే అప్ప ఉండాడే, తప్పినంక రెండో సుట్టులో తన దెబ్బ ఒకటి మింగేసి డ్రమ్ముల అప్ప కాడికి పోయినాడు. మూడో సుట్టుకు ఆర్గన్ పెట్టె వాయించే ఆయనా పోయినాడు. ఇంగ తప్పు యాడుంది? మా డోలు కాడా అంతే. ఒకడు తప్పితే వాని మొగం తట్టు సూడం. అందరం వాని కాడికే పోతాం. ఊరికి తెలీకూడదు గదా."

బాషా మళ్లీ తిప్పి విన్నాడు. ఐదుసార్లు విన్నాడు. ఆరోసారికి కళ్లు చెమర్చాయి. ఎన్నో వేలమంది ముందర, ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీల్లేని చోట, మూడు చుట్లలో తోటివాడి పరువు కాపాడారు ఆ మనుషులు. ముప్పై ఏళ్లుగా దాన్ని వింటూ కూడా తను వినలేదు!

ఆ మధ్యాహ్నమే షాపు మూసి, టేప్‌రికార్డర్‌తో సహా పుల్లన్నను బండెక్కించుకుని జమ్మలమడుగు పోయాడు. అక్కడ లెక్కల లెక్చరర్ శివప్రసాద్ ఉన్నాడు. బాషాకు కాలేజీ నాటి స్నేహితుడు. ఈ సంగీతం గురించి బాషా మాట్లాడుకోగలిగిన మనిషి జిల్లాలో ఆయనొక్కడే. అయితే ఆయనది ఎప్పుడూ ఒకటే వాదం. లైవంటే సగం ఉడికిన అన్నం, తప్పుల్లేకుండా దిద్దుకున్న స్టూడియో రికార్డే సంగీతం.

శివప్రసాద్ పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. పుల్లన్న చెయ్యి ఆడించి చూపిస్తుంటే కాగితం మీద గీతలు గీశాడు. ఏడు, ఆరు, ఏడు. పెన్సిలు కింద పెట్టి ఆ ఆరు మీద వేలు ఆనించాడు.

"స్టూడియోలో అయితే దీన్ని కోసి పారేసుంటారు బాషా" అన్నాడు.

"కోసుంటే ఏం పోయేదో సూసినావా?"

"సూసినా. ఈ ఒక్కసారికి నువ్వే గెలిచినావు పో." అని పుల్లన్న వైపు తిరిగాడు. "మీ డోలు ఎప్పుడు వినిపిస్తావప్పా?"

ఆ ఆదివారం ఇద్దరూ పులివెందుల పోయారు. చీనీతోటలో ఎనిమిదిమంది డోళ్లు నడుముకు కట్టుకుని గంటసేపు వాయించారు. గుండెల్లోకి దిగే దరువు. శివప్రసాద్ కాగితం తెచ్చుకున్నాడు గానీ దాన్ని జేబులోంచి తియ్యనే లేదు.

డోళ్లు దించాక పుల్లన్న అన్నాడు, "మామా, ఆ జర్మనీది మావోళ్లకూ పెట్టు. మొత్తం పెట్టు."

తను బాగుచేసిచ్చిన ఆంప్లిఫయర్‌కే వెంట తెచ్చిన టేప్‌రికార్డర్ తగిలించాడు బాషా. అతనికి కొంచెం బెదురుగానే ఉంది. ఇరవై మూడు నిమిషాలు ఎవరు కూర్చుంటారు? ఎవరూ లేవలేదు. పదిహేడో నిమిషంలో ఎనిమిది తలలూ ఒక్కసారి పైకి లేచాయి. మూడో చుట్టుకు ఎనిమిదిమందీ తృప్తిగా తలలూపారు. ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

పాట ముగిసింది. జర్మనీ జనం చప్పట్లు కొట్టారు. మజ్జిగ చెంబుతో నిలబడిన పుల్లన్న భార్య పెంచలమ్మ ఆ చప్పట్లు ఆగేదాకా చూసి, "శానాసేపు వాయించినారే పాపం. వాళ్లకు ఎవురన్నా నీళ్లిచ్చినారా అన్నా?" అని అడిగింది.

"ఇచ్చే ఉంటారులే చెల్లెమ్మా" అన్నాడు బాషా. ముప్పై ఏళ్లలో ఇంతమందితో కలిసి అతను ఆ పాట వినడం ఇదే మొదలు. మజ్జిగ ఒక్క గుక్కలో తాగేసి, "ఇంకోటి ఉంది, జపాన్‌లో వాయించింది. అది పదకొండు దెబ్బలది. వింటారా?" అని అడిగాడు.

అందరూ అప్పటికే టేప్‌రికార్డర్ దగ్గరికి జరుగుతున్నారు.