మచ్చ నాలుక

ఆవకాయ కలిపితే ఉప్పు చూడాల్సింది నేనే. కాపురానికొచ్చిన ఏడాది నుంచీ ఈ ఇంట్లో నా నాలుకకున్న ఉద్యోగం అదొక్కటే. మిగతా రోజుల్లో నోరు మెదిపితే అత్తగారు, "నోరా వీపుకు తేకే అన్నారు, తెలుసుగా" అనేవారు. ఈ వేసవిలో వేలితో కాస్త ముద్ద తీసి నోట్లో పెట్టుకోగానే కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. "చాలిందో లేదో చెప్పి ఏడువమ్మా, జాడీకెత్తాలి" అన్నారావిడ.

నాలుక అంచున ఆ మచ్చ లేచింది మామిడి పూత రోజుల్లో. కందిగింజంత. అత్తగారికి చూపిస్తే గుండెలు బాదుకున్నారు. "మచ్చ నాలుకే! ఇక నువ్వేమంటే అదే జరుగుతుంది. తోట వైపెళ్ళి నోరు విప్పావో!" మా ఆయన నవ్వారు. కానీ మంచుకి రెడ్డిగూడెంలో మా మామిడి తోటలో సగం పూత మాడిపోయాక నవ్వలేదు. "ఏమన్నావే దాన్ని చూసి?" అన్నారు. నేనేమీ అనలేదు. అప్పటికే మాట్లాడితే మంట. పుండు పడితే వేడి చేసిందన్నారు, మజ్జిగ తాగమన్నారు, కోతలయ్యాక చూద్దామన్నారు. కోతలయ్యేసరికి దవడ కింద గడ్డ కట్టింది.

పెద్దాసుపత్రి డాక్టరు నా నోరు చూసి, సంగతి మాత్రం ఆయనకి చెప్పారు. "కాన్సరండీ. గింజంత ఉన్నప్పుడు తెస్తే చాలామంది బతుకుతారు. ఎంత పెరిగింది, ఎంత లోతుకి దిగింది, మెడలోకి పాకిందా, వీటిమీదే ఉంటుంది. ఈమెకి అన్నీ అయ్యాయి. నాలుక తీసి రేడియేషన్ కరెంటు పెట్టినా ఏడాది గడిస్తే గొప్పే."

"మాట పోతుందాండీ?" అనడిగారు ఆయన. పోతుందన్నారు డాక్టరు. "మరి వంటా అదీ?" అన్నారు.

నాకు చావంటే భయం వేసింది. అంతకన్నా ఎక్కువ కోపం వచ్చింది. బయటికొస్తూనే ఆయన మా అమ్మాయి కల్యాణితో, "రేపట్నుంచి బడి మానెయ్యమ్మా, ఇల్లు చూసుకోవాలిగా" అన్నారు. దానికి పదమూడేళ్ళు. ఎనిమిదో తరగతి, క్లాసులో ఫస్టు.

నాకా మచ్చ మహిమ మీద నమ్మకం లేదు. వీళ్ళకుంది, నాకది చాలు. నాలుక పోయేలోపు ఒక్క మాట అనాలనుకున్నాను.

తెల్లారితే ఆపరేషననగా, సాయంత్రం ఆయనా కల్యాణీ మంచం పక్కన కూర్చున్నారు. లేచి కూర్చుని ఆయన కళ్ళల్లోకి చూస్తూ అన్నాను. "కల్యాణి బడి మానిందా, ఆ తోటలో మళ్ళీ పూత నిలవదు."

అన్నాననే అనుకున్నాను. నాలుక మొద్దులా అడ్డం పడింది, చొంగ కారింది. "ఏమంటోందే మీ అమ్మ?" అనడిగారు కల్యాణిని. ఈమధ్య నా మాట దానికొక్కదానికే తెలుస్తోంది.

ఇప్పుడూ తెలిసింది. దాని మొహం చూస్తే నాకర్థమైంది. వాళ్ళ నాన్న వైపు చూసి, తల దించుకుంది.

"మంచినీళ్ళు కావాలంట నాన్నా."