బొంబాయి మీదుగా

మా దగ్గర తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు తలకొరివి పెడతారు. నాన్నకు నేను పెట్టాను. అమ్మకు నాగేందర్ పెట్టాలి. అదీ పొద్దు గూకేలోపు.

నాగేందర్ నా తమ్ముడు. విత్తనాల కంపెనీ పనిమీద నెలలో సగం రోజులు విమానాల్లోనే తిరుగుతాడు. అమ్మ పోయిన ఉదయం ఢిల్లీలో ఉన్నాడు. ఫోన్‌లో ఏడ్చాడు. "మధ్యాహ్నానికల్ల నకిరేకల్‌ల ఉంట అన్నా. అమ్మను ఆపుండ్రి."

మధ్యాహ్నం దాటాక ఫోన్ చేస్తే ఇంకా బొంబాయిలోనే ఉన్నాడు. మా మేనమామ గోపయ్య నా చేతిలోంచి ఫోన్ లాక్కొని స్పీకర్ పెట్టాడు.

"బొంబాయేందిరా? ఢిల్లీ నుంచి సీదా విమానం లేదా?"

"ఉండె మామా. అది వేరే కంపెనీది. నేనెప్పుడూ ఎక్కే కంపెనీది బొంబాయి మీదికెళ్లి వస్తది. డిసెంబరు ఒడిసేలోపు ఇంకో రెండు విమానాలెక్కితే ఆ కంపెనీ ఇచ్చిన నా గోల్డు కార్డు నిలుస్తది. యాళ్లకు అందుత అనుకున్న. ఈడ లేటైంది."

"ఆ కార్డుతోని ఏమొస్తదిరా?"

"లైన్ల నిలబడే పని లేదు మామా. అందరికన్న ముందు ఎక్కిస్తరు."

"ముందుగాల ఎక్కినోడివి ముందుగాల దిగకపోతివి."

అందరూ విన్నారు.

డప్పులవాళ్లు ఆగి, ఎత్తుదామా అన్నట్టు మామ వంక చూశారు. ఎండ అమ్మ పాదాల మీంచి వాకిట్లోకి, వాకిట్లోంచి గోడ మీదికి ఎక్కింది. ఫోన్ మోగింది. "శంషాబాద్‌ల దిగిన అన్నా. కారెక్కిన."

"జర ఆగుదాం మామా," అన్నాను.

"నువ్వు బడిల సారువైతే పొద్దు ఆగుతదా బిడ్డా? కుండ పట్టు."

నిప్పుకుండ పట్టుకొని అమ్మ ముందు నడిచాను. దారిలో మళ్లీ ఫోన్ మోగింది. చేతులు ఖాళీ లేవు. అది మోగి మోగి ఆగిపోయింది.

కొరివి పెట్టి వెనక్కి తిరిగాను. అప్పటికి పొద్దు ఇంకా పూర్తిగా గూకలేదు.

చితి బాగా అంటుకున్నాక కారు వచ్చింది. నాగేందర్ నా దగ్గరికి వచ్చి మంటను చూశాడు.

"అమ్మకు గూడ నువ్వే పెట్టినవా అన్నా?"

"పెట్టిన."

తలా ఒక కట్టె వేయడానికి ఊరివాళ్లు వరుసగా నిలబడి ఉన్నారు. నాగేందర్ బూట్లు విడిచి వెళ్లి, ఆ వరుస చివర నిలబడ్డాడు.

వరుసలో ముందున్న గోపయ్య మామ పక్కకు జరిగి జాగా ఇచ్చాడు. "కొడుకువురా నువ్వు. ముందుకు రా."

వాడు కదలలేదు.