లోడుంటేనే ఆగే బండి

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ లెక్కన జోజికి విశాఖపట్నంలో నిలువనీడ ఉండకూడదు. కానీ బండి వైరింగులో ఏ తేడా వచ్చినా, పోర్టు కాంట్రాక్టర్ల దగ్గర్నుంచి స్టీల్ ప్లాంటు కట్టుబడికి కంకర తోలే లారీల వాళ్ళ వరకూ అందరూ కాన్వెంటు దగ్గర అతని రేకుల షెడ్డుకే వచ్చేవారు. వచ్చినవాణ్ణి జోజి ముందు తిట్టేవాడు, తర్వాత బండి చూసేవాడు. తిట్టుకి తిట్టు, పనికి పని. రెండింట్లోనూ కల్తీ ఉండేది కాదు.

పందొమ్మిది వందల ఎనభై మూడులో, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, జాలరిపేట నుంచి నూకాలు తన పికప్పు వ్యానుతో ఆ షెడ్డు ముందు దిగింది. ఏళ్ళ తరబడి చేపల గంప నెత్తిన మోసి, మొగుడు పోయాక ఉన్నదంతా ఊడ్చి, వేలంలో ఆ పాత పెట్రోలు బండి కొన్న మనిషి. దాన్ని నడిపేది కొండలరావు. మొగుడి మొదటి పెళ్ళాం కొడుకు. నూకాలు ఆ ఇంట అడుగు పెట్టేటప్పటికి వాడింకా గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ఆమెకు కడుపు పండలేదు. కన్నా, పెంచినా ఆమెకు వాడొక్కడే. తెల్లారగానే చేపలూ ఐసూ ఎక్కించుకుని ఆనందపురం కూడలికి వెళ్ళడం, అమ్ముకుని రావడం ఇద్దరి పని. పేటలో మరో నలుగురు ఆడవాళ్ళ గంపలు కూడా ఆ బండిలోనే వెళ్ళేవి.

బండి ఇంకా పూర్తిగా ఆగనేలేదు, జోజి ముక్కుకి తుండుగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు.

“ముందా బండిని అవతల పెట్టండి! ఏటా కంపు? ఇది బండా, సేపల కొట్టా? కడిగి తెస్తే సూస్తాను. లేకపోతే నాను ముట్టను.”

నూకాలు బండి వెనక్కి తిప్పించింది. వెళ్ళిపోయి మర్నాడు మళ్ళీ వచ్చింది. ఈసారి జోజి దగ్గరికొచ్చి అడిగాడు, “ఏటి దీని రోగం?”

“మజ్జిలో ఆగిపోతంది మేస్త్రీ,” అన్నాడు కొండలరావు. “హనుమంతువాక దాటీదాకా బాగానే ఎల్తాది. మధురవాడ దగ్గరకొచ్చీసరికి దగ్గి దగ్గి ఆగిపోతాది. లోడు దించీసి కాసేపుంచితే మళ్ళీ లేస్తాది. కాళీగా ఎల్తే ఒక్కనాడూ ఆగనేదు. సేపల లోడుంటేనే ఆగుతాది.”

జోజి పగలబడి నవ్వాడు. “ఎనకాల ఉన్నవి సేపలో ఇటికలో ఇంజినుకెలా తెలుస్తాదిరా? అదేమైనా ఎనక్కి తిరిగి సూస్తాదా?”

ఆ బండిలో పెట్రోలు లాగేది కరెంటు పంపు. అసలు పంపు ఎప్పుడో పాడైతే పాత యజమాని ఎవరో దీన్ని తెచ్చి వెనక సరుకు పెట్టే పలకల కింద, ట్యాంకు పక్కన బిగించాడు. తాళంచెవి తిప్పగానే టిక్కు టిక్కుమంటూ ఇంజినుకి పెట్రోలు అందిస్తుంది. కరెంటు అందకపోతే పంపు ఆగుతుంది, పంపు ఆగితే ఇంజిను గొంతెండి చస్తుంది. జోజి ఆ టిక్కుల్ని విన్నాడు. వైరు చివర బల్బు కట్టిన టెస్టు లాంపు పంపు దగ్గర పెట్టి చూశాడు. నిండుగా వెలిగింది. బ్యాటరీ చూశాడు, స్విచ్చి చూశాడు. దేనికీ వంక లేదు.

“బండికేం లేదు. తీసుకుపోండి,” అన్నాడు.

బండికేం లేదంటే ఏ యజమానైనా బతికిపోయాననుకుంటాడు. నూకాలు ముఖం మాత్రం వాడిపోయింది. జోజికి అది వింతగా అనిపించింది గానీ, వెనకాల మరో నాలుగు బండ్లున్నాయి. వాటిని తిట్టాలి కదా!

పది రోజులు తిరక్కుండా వాళ్ళు మళ్ళీ వచ్చారు. బండి మధురవాడలో మళ్ళీ ఆగింది. జోజికి ఒళ్ళు మండింది. తను బాగుందన్న బండి ఆగడమేమిటి? పక్కన కడుతున్న ఇంటి దగ్గర్నుంచి ఇటుకలు అడిగి బండి నిండా వేయించి, తనే స్టీరింగు పట్టుకుని మధురవాడ దాకా తోలుకెళ్ళి తీసుకొచ్చాడు. ఎక్కడా దగ్గలేదు. పోనీ, వాన నీళ్ళేమైనా తగులుతున్నాయేమోనని బావి నీళ్ళు బకెట్లతో పలకల మీద గుమ్మరించాడు. పంపు హాయిగా టిక్కుమంటూనే ఉంది. కొండలరావు షెడ్డు గుమ్మంలో నిలబడి, బండి ఆగాలి ఆగాలి అని మొక్కుకుంటున్నవాడిలా చూస్తున్నాడు.

“బంగారంలాంటి బండి,” అన్నాడు జోజి చేతులు తుడుచుకుంటూ.

కొండలరావు తలొంచుకుని బయటికి పోయాడు. అప్పుడు నూకాలు దగ్గరగా వచ్చి గొంతు తగ్గించింది.

“బాబూ, మధురవాడలో గురునాథరావని ఓ యాపారి ఉన్నాడు. బండి ఆగినప్పుడల్లా ఐసు కరిగిపోతంటాది గదా, ఆడొచ్చి సరుకు సగం ధరకి దించుకుంటన్నాడు. పేటలో ఏటంటన్నారో తెల్సా? ఈడే కావాలని ఆపేసి ఆడి కాడ వాటా తీసుకుంటన్నాడంట. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంట. సవితి కొడుకు సవితి కొడుకేనంట.”

“నువ్వేటంటావప్పా?” అన్నాడు జోజి, అక్కని అడిగినట్టు.

“నానేటంటాను? నువ్వు బండి బాగుందన్న పెతిసారీ వాడు దొంగవుతన్నాడు. గంపలేసీ ఆడోళ్ళు పెద్దల్ని కూకోబెట్టినారు. ఆదివారం మాట తేల్చీమన్నారు. బండిలో తప్పు నేకపోతే తాళంచెవి లాక్కోవాలి, వాణ్ణి ఇంట్లోంచి పంపీయాలి. ఇంకొక్కసారి తెస్తాను. సరిగ్గా సూడు బాబూ, నీకు పున్నెముంటాది.”

చేతులు తుడుచుకుంటున్న గుడ్డని జోజి పీట మీద పడేశాడు. ఇన్నాళ్ళూ తను బండికి పరీక్ష పెడుతున్నాననుకున్నాడు. తీరా చూస్తే పరీక్ష మనిషికి, తీర్పు చెబుతున్నది తను. రెండుసార్లు నవ్వుతూ తీర్పు చెప్పేశాడు కూడా. ఆ రాత్రి కంచం ముందు కూర్చుని కెలుకుతూ ఉండిపోతే భార్య దేవకుమారి, “ఎవర్నీ తిట్టకుండా తింటన్నారేటి? జ్వరమా?” అని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

శుక్రవారం పొద్దున్నే బండి మళ్ళీ వచ్చింది. జోజి దాని కిందే కాపురం పెట్టాడు. ఒక్కో వైరు లాగి చూశాడు. పంపు వైరుకి చాసిస్ ఇనుప చట్రం పక్కన ఒక అతుకుంది. దానికి గుడ్డ పట్టీ చుట్టి ఉంది. అక్కడా లాంపు పెట్టాడు. ఉండవలసినంత వెలుతురూ ఉంది. ఎండి, పొడిగా, గట్టిగా ఉన్న అతుకుని ఏమని అనుమానిస్తాడు? బయటికొచ్చి పీట మీద కూలబడ్డాడు.

దేవకుమారి అందరికీ టీ తెచ్చింది. గ్లాసు నూకాలు చేతికిస్తూ బండి లోపలికి తొంగిచూసి, “సేపల బండంటే ఎవరు నమ్ముతారమ్మా! మా వంటింటి కంటే శుభ్రంగా ఉంది,” అంది.

నూకాలు మొహం చాలా రోజులకి వెలిగింది. “మరేటనుకున్నావమ్మా! ఇక్కడికి తెచ్చీ ముందర్రోజు లోడెయ్యం. పలకల సందులు కూడా పుల్లెట్టి గీకి, మంచినీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి, ఊదొత్తి ఎలిగించి తెత్తన్నాం. మేస్త్రీకి కంపంటే పడదు గదా.”

అందులో ఎత్తిపొడుపు లేదు. మర్యాద తెలిసిన మనిషి మర్యాదగా చెప్పింది. జోజి మాత్రం గ్లాసు కింద పెట్టి బండి పలకల వైపు చూశాడు.

ఉప్పునీళ్ళు! చేపల మీద చల్లేది ఉప్పు కలిపిన ఐసు. అది కరిగి కారడం మొదలయ్యేసరికి బండి మధురవాడ చేరుతుంది. బావి నీళ్ళు వేరు, ఉప్పునీళ్ళు వేరు. ఉప్పునీళ్ళలో కరెంటు దారి తప్పుతుందని సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన కరెంటు మేస్త్రీకి ఒకరు చెప్పాలా? తను కడిగి తెమ్మన్నాడు. వాళ్ళు రోగాన్ని శుభ్రంగా కడిగేసి బండి తెచ్చారు. తిలాపాపం తలా పిడికెడంటారు గానీ, ఇందులో పెద్ద పిడికెడు తనదే. జోజికి సిగ్గేసింది. తన ముక్కు మీద తనకే అసహ్యం వేసింది.

“అప్పా, రేపు కడగొద్దు. సేపలతోనే బయల్దేరండి. నాను రేవులోనే ఎక్కుతాను.”

“ఒద్దు బాబూ, ఆ వోసన నువ్వు…”

“నా ముక్కు సంగతి నీకెందుకు? సెప్పినట్టు సెయ్యి!” అని గట్టిగా అరిచాడు. అరుపు పాతదే గానీ, కోపం మాత్రం నూకాలు మీద కాదు.

శనివారం చేపల బండి ముగ్గురితో బయల్దేరింది. హనుమంతువాక దాటింది. మధురవాడ ఇళ్ళు కనబడుతుండగా ఇంజిను ఓసారి దగ్గింది, మళ్ళీ దగ్గింది. కొండలరావు గేరు మార్చి చూశాడు. బండి రోడ్డు పక్కకి జరిగి ఆగిపోయింది.

“తాళంచెవి తియ్యకు, అలాగే ఉంచు!” అని జోజి దూకి బండి కిందికి దూరాడు. పలకల సందుల్లోంచి చేపల నీళ్ళు బొట్లు బొట్లుగా అతని నుదుటి మీద, కళ్ళలో, నోట్లో పడుతున్నాయి. పంపు ఒక్కో టిక్కుకీ ఆయాసపడుతోంది. అతుక్కి ఇవతల, బ్యాటరీ వైపు లాంపు నిండుగా వెలిగింది. అవతల, పంపు వైపు పెడితే మిణుకుమంది. గుడ్డ పట్టీ ఉప్పునీళ్ళు తాగి చాసిస్‌కి అతుక్కుపోయింది. కరెంటు పంపు దాకా పోకుండా ఆ తడిలోంచి ఇనుములోకి జారిపోతోంది. పట్టీ విప్పితే లోపల రాగి పచ్చగా చివికిపోయి, నాలుగు పోగులు మిగిలాయి.

“కొండలూ! ఇలా దూరు. సూడు,” అని పిలిచాడు.

కొండలరావు కిందికి దూరి ఆ పచ్చటి రాగిని చూశాడు. వేలితో ఓసారి తాకి చూసి బయటికి వచ్చేశాడు.

ఈలోగా గురునాథరావు మనిషి గంపలు పట్టుకుని రానే వచ్చాడు. “ఏటమ్మా, దించీమంటావా?” అంటే, బండి కిందనుంచి జోజి తిట్టిన తిట్లకి వాడు వచ్చిన దారినే పోయాడు. జోజి చివికిన ముక్క కోసేసి, కొత్త వైరు వేసి, నీళ్ళు తగలకుండా దాన్ని పైనుంచి తిప్పి, రబ్బరు గొట్టంలో పెట్టి కట్టాడు. పంపు టిక్కుటిక్కుమంది. ఇంజిను అందుకుంది. వెనకాల నీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి.

“తప్పు బండిదప్పా,” అన్నాడు జోజి, మొహం తుడుచుకోకుండానే. “నీ కొడుకుది కాదు. ఆదివారం నానొచ్చి పెద్దల ముందు సెప్తాను. కడిగి తెమ్మన్నది నానేనని కూడా సెప్తాను.”

నూకాలు రోడ్డు పక్కన కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కొండలరావు ఆమెను లేపలేదు. బండి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

“మేస్త్రీ సెప్తేగానీ నమ్మనేదు గదమ్మా నువ్వు.”

జోజి ఎటు చూడాలో తెలియక టెస్టు లాంపు వైరు చుట్టసాగాడు. అతను బాగుచేయగలిగింది అయిపోయింది. ఇది అతని చేతిలో పని కాదు.

నూకాలు కళ్ళు తుడుచుకుంది. అబద్ధం ఆడితే అప్పటికప్పుడు గొడవ తీరిపోయేది. ఆమె ఆడలేదు.

“నిన్ను సగం నమ్మినాను నాయినా. పేటంతా అలా అంటంటే సగమే నిలబడింది. ఆ సగంతోటే ఈ షెడ్డు సుట్టూ తిరిగినాను.”

కొండలరావు పట్టుకున్న తలుపుని ఆమె కోసం తెరిచాడు. “ఎక్కు. ఐసు కరిగిపోతంది,” అన్నాడు.

ఆనందపురం దాకా జోజి ఇద్దరి మధ్యా ఇరుక్కుని, ఒళ్ళంతా చేపల నీళ్ళు కారుతూ, జీవితంలో మొదటిసారి తిట్టడానికి ఏమీ దొరక్క కూర్చున్నాడు. కూడలిలో బండి ఆగగానే బస్సులో ముందే వచ్చి ఎదురుచూస్తున్న పేట ఆడవాళ్ళు చుట్టుముట్టారు. అందులో ఒకావిడ గంప దింపుకుంటూ కొండలరావు వైపు వంకరగా చూసి అడిగింది.

“ఏటిరా, ఈ రోజు మధురవాడలో ఆగనేదేటి?”

“ఆగినాది,” అన్నాడు కొండలరావు. ఒక గంప ఎత్తి నూకాలు చేతికందిస్తూ, “మాయమ్మ నన్నొదల్నేదు,” అన్నాడు.

నూకాలు గంప అందుకుంది. చేపలు పలకల మీద పరుస్తూ ధర చెప్పింది. రెండోసారి గట్టిగా చెప్పింది.