పట్టీ తెగిన రోజు

పట్టీ తెగినప్పుడు వసంతకుమారి తన చేతులే అడ్డుపెట్టింది. మెల్‌బోర్న్‌లో టార్నీట్ దగ్గరి వృద్ధాశ్రమంలో ఆమె పనికి చేరి తొమ్మిదేళ్లయింది. ఆ ఉదయం మిసెస్ డాలీ అనే పెద్దావిడను యంత్రంతో మంచం మీంచి ఎత్తి కుర్చీలోకి దించుతుండగా, బరువంతా మోస్తున్న గుడ్డపట్టీ ఒకపక్క తెగింది. వసంతకుమారి ఆమెను ఒడిసిపట్టుకుని అలాగే నేలమీద కూలబడింది. డాలీ మోచేయి గీరుకుపోయింది. వసంతకుమారి కుడి భుజంలో ఏదో చిరిగినట్టయింది. చిరిగిందనే మర్నాడు స్కాన్‌లో తేలింది.

చేతికి కట్టుతో వచ్చేసరికి మేనేజర్ ఉపేంద్ర ప్రమాదం రిపోర్టు కాగితం సిద్ధంగా పెట్టాడు.

“సైన్ చేసెయ్యండి ఆంటీ. జస్ట్ ఫార్మాలిటీ.”

ఆమె నిదానంగా చదివింది. జరిగిన నష్టం అన్నచోట పట్టీ తెగిందనీ, యంత్రం కమ్మీ వంగిందనీ, నేలమీద టైలు పగిలిందనీ వివరంగా రాసుంది. కారణం, సిబ్బంది పట్టీని సరిగ్గా తగిలించకపోవడం. మనుషులకు గాయాలు, లేవు.

“డాలీ మోచెయ్యేదీ ఇందులో?”

“అది స్మాల్ స్క్రాచే కదా.”

“నా భుజం?”

“మీ ఏజ్‌లో భుజాలు అలాగే ఉంటాయ్ ఆంటీ.”

ఆమె ఒళ్లు మండిపోయింది. “పట్టీ దారాలు ఊడొస్తున్నాయని రెండుసార్లు మెయిల్ పెట్టాను. ఓకే అని రిప్లై కూడా ఇచ్చావు.”

ఉపేంద్ర తలుపు మూసి గొంతు తగ్గించాడు. “నెక్స్ట్ వీక్ ఇన్‌స్పెక్షనుంది. నా జాబ్ పోద్ది. మనవాళ్లం మనమే హెల్ప్ చేసుకోకపోతే ఎలా?”

“మనవాళ్లమని నా ఒళ్లు కూడా నీకు రాసివ్వాలా?”

కుడిచెయ్యి కదలదు. ఎడమచేత్తో పెన్ను పట్టి అతను రాసిపెట్టిందంతా కొట్టేసింది. వంకర అక్షరాలతో డాలీ మోచేయి రాసింది, తన భుజం రాసింది, మెయిళ్లు పెట్టిన తేదీలు రాసింది. చోటు చాలక కాగితం తిరగేసి, తప్పు తనదేనని తనచేత ఒప్పించబోయారని కూడా రాసింది. ఫోన్‌లో ఫోటో తీసుకుని ఇన్‌స్పెక్షన్ ఆఫీసుకు తనే పంపింది.

పట్టీలన్నీ మార్చారు. ఉపేంద్రను మరో శాఖకు పంపారు, అదీ మేనేజర్‌గానే. వసంతకుమారి భుజానికి ఆపరేషనయింది. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో మాత్రం, పాపం ఒక కుర్రాడి కెరీర్ పాడుచేసిందని ఆమె గురించే రాశారు. ఒక్కరూ ఆమె చెయ్యెలా ఉందని అడగలేదు.

ఆరునెలల తర్వాత షాపింగ్ సెంటర్‌లో ఉపేంద్రే ఎదురొచ్చాడు.

“బాగున్నారా ఆంటీ?”

ఆమె కుడిచెయ్యి పైకెత్తింది. చెవిదాకా వచ్చి ఆగిపోయింది.

“ఇక్కడిదాకే లేస్తంది. సరిగ్గా చూడు.”

నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగినా, అతను తల తిప్పుకుని వెళ్లిపోయేదాకా ఆమె ఆ చెయ్యి దించలేదు.