ఇరవై నంబరు దారం

దారం సంగతి తనకు తెలిసినంతగా నగరి ఊళ్లో మరెవరికీ తెలియదని బాలసుబ్రమణ్యం నలభై రెండేళ్లు నమ్మాడు. మగ్గం చప్పుడులో పుట్టి, మగ్గం చప్పుడులోనే పెళ్లాడిన మనిషి, నమ్మడా మరి. ఆ నమ్మకం ఒక్క పూటలో పోయింది. ఎలా పోయిందో ఇప్పుడు నలుగురూ చేరితే ఆయనే చెప్పి నవ్వుతాడు కాబట్టి, మనం చెప్పుకున్నా తప్పు లేదు.

పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో ఆయన భార్య పంకజాక్షికి చిత్తూరు ఆసుపత్రిలో కడుపు ఆపరేషన్ అయింది. ఇంటికి తెచ్చి పది రోజులైనా ఆమె మెతుకు ముట్టలేదు. గంజి ఇస్తే రెండు గుక్కలు, చారు ఇస్తే ఒక గుక్క. తినకపోతే కుట్లు మానవని డాక్టరు ముందే చెప్పి పంపాడు. పాలిపోయిన ఆ మొహం చూస్తుంటే బాలసుబ్రమణ్యానికి మగ్గం మీద చెయ్యి ఆడేది కాదు. పదకొండో రోజున ఆమె తనంతట తానే, "కొర్రమీను పులుసైతే రెండు ముద్దలు తింటానేమో బావా" అంది.

ఊరి బయట చెరువు గట్టున చిన్నబ్బ ఉండేవాడు. వెదురు కర్రకు ఇంత లావు దారం కట్టి, కప్పపిల్లను ఎర వేసి, రోజు విడిచి రోజు కొర్రమీను పట్టేవాడు. ఒక్క మాట అడిగితే పనైపోయేది. కానీ మన వాడికి ఆ నోరెక్కడిది? రెండు నెలల కిందటే దాన్ని పాడుచేసుకున్నాడు. మద్రాసు హార్బరులో పనిచేసే బావమరిది ధనంజయ ఒక సీమ గాలం కర్ర తెచ్చిచ్చాడు. ఎవరో ఓడ దొర వదిలేసి పోయిందట, దారం చుట్టుకునే చక్రంతో సహా. దాన్ని భుజాన వేసుకుని గట్టెక్కి, "చిన్నబ్బా, నీ చేతిలో ఉండేది గాలమా, గొర్రెలు తోలే కట్టెనా? ఇది సూడు. జిలేబీ చేప మొదలు కొర్రమీను దాకా అన్నిటికీ ఇదొక్కటే" అన్నాడు.

చిన్నబ్బ కర్రను కింద నుంచి పైదాకా చూసి, "దారం యాడబ్బా?" అని మాత్రం అడిగాడు. చక్రం ఉత్తదే.

భార్య నోరు తెరిచి అడిగింది కాబట్టి ఇక దారం కొనక తప్పలేదు. తెల్లారి మద్రాసు రైలెక్కాడు. దారి పొడుగునా ఒకటే ఆలోచన. మరీ లావైతే జిలేబీ కనిపెట్టి దూరంగా పోతుంది. మరీ సన్నమైతే కొర్రమీను తామర కాడల్లోకి దూరి తెంపుకుపోతుంది. అన్నిటికీ పనికొచ్చేది ఒక్కటే కావాలి. మద్రాసు చేరకముందే లెక్క తేల్చేశాడు. నేతగాళ్ల లెక్కలో నంబరు పెరిగే కొద్దీ నూలు సన్నబడుతుంది. నూరో నంబరు పెళ్లి పంచెకు, ఇరవయ్యో నంబరు దుప్పటికి. కొర్రమీనుకు దుప్పటి దారమే సరి.

మద్రాసులో గాలాలమ్మే దుకాణదారు తెలుగువాడే. "ఏం చేపకు?" అని మర్యాదగానే అడిగాడు.

"చేప సంగతి నాకిడిసిపెట్టప్పా. దారంలో పుట్టినోణ్ణి. ఇరవై నంబరు ఇయ్యి."

"పెద్ద చేపలైతే యాభై తీసుకోండి."

"యాభై నంబరుతో మా ఇంట్లో సీర నేస్తాము. నువ్వు లెక్క తలకిందులుగా నేర్సుకున్నట్టుండావే."

దుకాణదారు ఇరవై నంబరే తీసి ఇచ్చాడు. నైలాన్ దారానికి నంబరు పెరిగితే లావు పెరుగుతుంది. ఆ సంగతి ఆ కొట్లో ఉన్న అందరికీ తెలుసు, ఒక్కరికి తప్ప. తిరుగు రైల్లో విప్పి చూస్తే దారం తలవెంట్రుకలా ఉంది. బాలసుబ్రమణ్యం నేతగాడి అలవాటుగా రెండు వేళ్ల మధ్య లాగి చూశాడు, తెగలేదు. సీమ సరుకు కదా, సన్నమైనా మొండిది అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నవాడికి ఎవరు చెప్పగలరు.

మర్నాడు పొద్దున పొరుగింటి తాయమ్మను చింతపండు నానబెట్టమని చెప్పి మరీ చెరువుకు వెళ్లాడు. గట్టున చిన్నబ్బతో పాటు నలుగురు చేరారు. కప్పపిల్ల తామరాకుల పక్కన పడిందో లేదో నీళ్లు భళ్లుమన్నాయి. చక్రం గిర్రున తిరిగింది, కర్ర విల్లులా వంగింది. "సూస్తాండావా చిన్నబ్బా" అని ఆయన మీసం మీదికి చెయ్యి పోనిచ్చాడు. దారం తెగింది. ఆయన వెల్లకిలా బురదలో పడ్డాడు.

నలుగురూ నవ్వారు. బురదలో కూర్చున్న బాలసుబ్రమణ్యానికి ఆ నవ్వు వినబడనే లేదు. పంకజాక్షి మంచం మీద నుంచి వాకిలి వైపు చూస్తుంటుంది, తను ఉత్త చేతులతో వెళ్లాలి. సిగ్గు కంటే భయం ఎక్కువైంది. లేచి, ఆ బురద పంచెతోనే చిన్నబ్బ ముందుకు వెళ్లాడు.

"చిన్నబ్బా, నాకు దారం గురించి ఏమీ తెల్దు. మా ఇంటామె పన్నెండు దినాలుగా అన్నం తినలా. ఒక్క కొర్రమీను ఇప్పిస్తావా?"

చిన్నబ్బ వెనక్కి వెళ్లి మట్టి కుండ తెచ్చాడు. లోపల మూరెడు కొర్రమీను కదులుతోంది.

"మొన్ననే పట్టి నీళ్లలో పెట్టినా. పంకజక్క అడిగిందని తాయమ్మ సెప్పింది. నువ్వొచ్చి అడుగుతావని సూస్తాండా. రైలెక్కకుండా నా కాడికొచ్చింటే మొన్నే తినుండును కదబ్బా."

బాలసుబ్రమణ్యం కుండ అందుకున్నాడు. తన మీసం కోసం ఆమెను రెండు రోజులు పస్తు పెట్టాడు, అంతే.

మధ్యాహ్నం తాయమ్మ పులుసు కాచింది. బాలసుబ్రమణ్యం ముళ్లు తీసి ముద్దలు కలిపి పెట్టాడు. పంకజాక్షి మూడు ముద్దలు తిని, "ఎవురు పట్టినారు?" అని అడిగింది. దారి పొడుగునా రెండు అబద్ధాలు సిద్ధం చేసుకున్నాడు గానీ, ఆ మొహం చూశాక నోటికి రాలేదు.

"చిన్నబ్బ."

"తెలుసులే బావా. నువ్వు పట్టింటే చేప కంటే ముందు నీ గొంతొచ్చేది ఇంట్లోకి."

ముందు తాయమ్మ నవ్వింది, తర్వాత ఆయన. పంకజాక్షి రెండు చేతులతో కడుపు పట్టుకుని, "నన్ను నవ్వించబాకండి, కుట్లు లాగతాండాయి" అంటూనే నవ్వింది. తర్వాత కంచం ఆయన వైపు జరిపి, ఇంకొంచెం అన్నం పెట్టమంది.