చర్చి ఫోటో తీసిందెవరు

పప్పుకి తాలింపు పెడుతుంటే మా ఆయన ఏసుబాబు వంటింటి గుమ్మంలోకి వచ్చి అడిగాడు. "కుమారీ, మన స్టూడియో క్యాలెండరు మీద కొత్త చర్చి ఫోటో తీసింది నువ్వే గదా?"

పెళ్లయినప్పటినుంచీ ఆయన నోట ఆ మాట వినలేదు. రేపల్లెలో మా స్టూడియోకి ఆయన పేరే. చెరుకుపల్లి దాకా పెళ్లిళ్లకి కెమెరా మోసుకెళ్లేది నేను, చీకటిగదిలో మందునీళ్లలో చేతులు పొక్కేలా ప్రింట్లు కడిగేది నేను. ఎవరైనా ఫోటో బాగుందంటే మా అత్తగారు రాహేలమ్మ "మావాడి చెయ్యి అలాంటిదమ్మా" అనేది. ఒళ్లు మండేది, అయినా వాళ్లకి టీ కలిపి ఇచ్చేదాన్ని. అందుకే ఆ రోజు సంబరంగా "నేనేనండీ" అన్నాను. పిచ్చిదాన్ని, మెచ్చుకుంటాడనుకున్నాను.

ఆయన చేతిలో నోటీసు ఉంది. చర్చికి ప్లాను గీసిన మద్రాసు ఇంజినీరు లాయరు చేత పంపించాడు. తెరచాపలా లేచిన ఆ కప్పు తన సొంత సృష్టి అట. అడక్కుండా దాని ఫోటో తొంభైమూడో సంవత్సరం క్యాలెండరు మీద అచ్చేసి పంచడం నేరమట. కోర్టుకి ఈడుస్తాడట. రోడ్డున పోయే ప్రతివాళ్లకీ కనపడే చర్చిని ఫోటో తీస్తే తప్పేంటో నాకు అర్థం కాలేదు.

"తెనాలిలో మన లాయరుగారి దగ్గర నువ్వే తీశావని చెప్పు. ఆడమనిషని వదిలేస్తారు. నా పేరు కోర్టుకెక్కితే స్టూడియో మూసుకోవాల్సిందే."

"వదలకపోతేనండీ?"

మంచం మీంచి అత్తగారు అందుకుంది. "తీసేటప్పుడు లేదేంటి ఈ భయం?"

ఇక అన్నం సయిస్తే ఒట్టు. వీధిలో సైకిలు ఆగినా పోలీసులే అనిపించేది. నన్ను తీసుకుపోతే మా పాపకి జడ ఎవరేస్తారు? ఆదివారం ఆరాధనలో నా పక్కన ఎవరు కూర్చుంటారు? కళ్లు మూసుకుంటే ప్రార్థన కూడా రాలేదు. అన్నిటికంటే ఆయన్ని చూస్తేనే భయమేసింది. నన్ను అప్పజెప్పడానికి సిద్ధపడినవాడు హాయిగా పెరుగన్నం కలుపుకుంటున్నాడు.

తెనాలిలో లాయరు బసవేశ్వరరావుగారు నోటీసు చదివి నవ్వేశారు.

"ఇది చెల్లదండి. అలాంటి కట్టడమే ఇంకోటి కడితే ఆయన అడగొచ్చు. ఫోటో తీసుకోడానికీ అచ్చేసుకోడానికీ చట్టం అడ్డు చెప్పదు. ఆ మాటకొస్తే, ఈ ఫోటో మీద హక్కు తీసినవాళ్లది. ఆ ఇంజినీరుకి కావాలన్నా వాళ్లనే అడగాలి. జవాబులో పేరు రాయాలి, ఎవరండి తీసింది?"

"నేనేనండి," అన్నాడు మా ఆయన, తడుముకోకుండా.

ఇంజినీరు భయం పోయింది. ఇంకో భయం పట్టుకుంది. నిజం చెప్పేస్తే, తిరిగి రేపల్లె బస్సులో ఈయన పక్కనే కూర్చోవాలి, ఆ ఇంట్లోకే వెళ్లాలి, ఆ అత్తగారి ముందే నిలబడాలి. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"కాదండి, నేను తీశాను. దేవకుమారి అని రాయండి," అన్నాను. "ఇదొక్కటే కాదండి."